పదిహేడో ప్రశ్న

మంగళవారం మధ్యాహ్నం దాకా నేను కాస్తో కూస్తో తెలివైనదాన్నే అనుకుంటూ వచ్చాను. మూడేళ్ళుగా ఎకనామిక్స్ చదువుతున్నాను. మా ఆడపిల్లల కాలేజీలో ఒక్క సబ్జెక్టు చదివితే ఊరుకోరు కాబట్టి దానితోపాటు కుండలు చేయడం, కవిత్వం, నక్షత్రాల మీద ఒక కోర్సు కూడా చదివాను. క్లాసుకు పన్నెండు మందిమి, మధ్యలో గుండ్రటి బల్ల. గుండ్రటి బల్లకి వెనక బెంచీ ఉండదు, దాక్కోవడానికి చోటుండదు. నాలాంటి పిరికిదానికి అదొక శిక్ష. జవాబు తెలిసినా మనసులో నాలుగుసార్లు అప్పజెప్పుకుని గానీ చెయ్యెత్తను, ఆలోపు వాళ్ళు ఇంకో ప్రశ్నలోకి వెళ్ళిపోతారు. అందుకే నా రూమ్మేటు నాకు కంగారమ్మ అని పేరు పెట్టింది. తను ఫిలాసఫీ చదువుతుంది కాబట్టి నేను తనని తత్వం అంటాను. చెల్లుకు చెల్లు.

మా కాలేజీలో ఆనర్స్ డిగ్రీ కావాలంటే చివరి ఏడాది సొంతంగా ఒక పరిశోధన చేసి, దాన్ని హాల్లో అందరి ముందూ చెప్పాలి. నా వంతు గురువారం పదకొండింటికి. పరిశోధన మా ఇంటి దగ్గరే చేశాను. మా వీధి వెనక బ్యాగుల ఫ్యాక్టరీ ఉంది. కొందరు ఆడవాళ్ళు లోపలికి వెళ్ళి పని చేస్తారు. కొందరు ముక్కలు ఇంటికి తెచ్చుకుని హ్యాండిళ్ళు కుట్టి ఇస్తారు. మా అమ్మ రెండో రకం. అటు అరవై మందిని, ఇటు అరవై మందిని చీటీలు తీసి ఎంచుకున్నాను. పదిహేడు ప్రశ్నల కాగితం ఇచ్చి, వారం తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాను. ఎన్నింటికి లేస్తారు, వంట ఎంతసేపు, పిల్లలతో ఎంతసేపు, ఇలాంటివి పదహారు. పదిహేడోది: "నిన్న మీరు మీ కోసం గడిపిన సమయం ఎన్ని గంటలు?"

జవాబు అందరినీ ఆశ్చర్యపరిచింది. ఫ్యాక్టరీకి వెళ్ళేవాళ్ళకి రోజుకి సగటున రెండు గంటల సొంత సమయం. ఇంటి దగ్గర కుట్టేవాళ్ళకి దాదాపు అయిదు గంటలు! ఇంటి దగ్గర పనంటే తెల్లారిందగ్గర్నుంచీ చాకిరీ అని అందరూ రాస్తుంటే, ఒక చిన్న కాలేజీ పిల్ల కాదని రుజువు చేసింది. నా పరిశోధనకి గైడుగా ఉన్న మా మేడమ్ ఆ ఫలితాల కాగితం చదివి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఆవిడ అలా చేసిందంటే ఇంకొకరు చప్పట్లు కొట్టినట్టు. కాలేజీ నోటీసు బోర్డు మీద పసుపుపచ్చ కాగితంలో నా సారాంశం అతికించారు. పరీక్షకురాలిగా జనాభా లెక్కల ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి, ఇప్పుడు ఒక పరిశోధన సంస్థ నడుపుతున్న పెద్దావిడ వస్తున్నారు. మేమంతా గణాంకమ్మ అంటాం, ఆవిడకి వినపడకుండా. వాళ్ళ సంస్థలో రెండేళ్ళ ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. నా పేరు మేడమ్ ఇప్పటికే చెప్పింది. గురువారం గట్టెక్కితే ఆనర్సూ ఉద్యోగమూ రెండూ నావే.

మా కాలేజీలో మాట్లాడేవాళ్ళు ఇంటి నుంచి ఒక అతిథిని పిలవచ్చు. మంగళవారం మధ్యాహ్నం మెట్ల కింద నిలబడి అమ్మకి ఫోన్ చేశాను. బస్సు ఎక్కడ దిగాలో చెప్పి, ఉండబట్టలేక ఫలితం కూడా చెప్పాను.

"ఇంటి దగ్గర కుట్టేవాళ్ళకి రోజుకి దాదాపు అయిదు గంటలు సొంత టైము ఉందమ్మా. ఫ్యాక్టరీకి వెళ్ళేవాళ్ళకి రెండే."

వెనక నడుస్తున్న కుట్టు మిషను ఆగింది. అమ్మ మిషను ఆపి ఫోన్ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఎవరన్నారే?"

"మీరే. మీరంతా రాసిచ్చిందే కదా."

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఎవరే ఆ మహారాణులు? మన వరసలో అంత ఖాళీగా ఉన్నవాళ్ళుంటే ఒకసారి నా దగ్గరికి పంపు తల్లీ, రెండు డజన్లు కుట్టిపెట్టి పోతారు."

"అది సగటమ్మా. సగటంటే అందరిదీ కలిపి..."

"సగటో గిగటో నాకు తెలీదు. పక్కింటి వదిన నిన్న తల దువ్వుకోకుండా పడుకుంది. ఎదురింటి పిల్ల చంటిదానికి పాలిస్తూనే కుడుతుంది. ఇక నేను సరేసరి. అయిదు గంటలంట!"

జవాబిచ్చినవాళ్ళని ఏం రాశారని తర్వాత అడగకూడదు. అది మాకు మొదటి ఏడాదే నేర్పిన నియమం. అయినా నోరు ఆగలేదు. "మరి నువ్వేం రాశావు, పదిహేడో దానికి?"

"ఏమో. గుర్తు లేదే. అసలు రాశానో లేదో." మిషను మళ్ళీ మొదలైంది. "సరేగానీ, గురువారం హాల్లో కూర్చోడానికి కుర్చీలుంటాయా, కిందేనా?"

కుర్చీలుంటాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. కంగారు నాకు కొత్త కాదు, రోజూ ఉండేదే. కానీ ఇది వేరే రకం కంగారు, కారణం ఉన్నది.

మా ఇంటి కాగితం నలభై ఒకటో నంబరు. కాగితాల మీద పేర్లు లేవు, నంబర్లే. ఎవరి నంబరు వాళ్ళకి తెలుసు, అందరివీ తెలిసింది నాకొక్కదానికే. కంప్యూటర్ గదికి వెళ్ళి నలభై ఒకటో వరస తీశాను. పదిహేడో ప్రశ్న కింద 9 అని ఉంది.

తొమ్మిది గంటలా! మా అమ్మకా!

హాస్టల్ గదికి పరుగెత్తి, మంచం కింద చెప్పుల పెట్టెలో దాచిన అసలు కాగితాలు తీశాను. నలభై ఒకటోది దొరికింది. పదహారు ప్రశ్నలకీ అమ్మ రాత, కుట్టు వేసినంత నీటుగా. పదిహేడో గడి ఖాళీ.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మొదటి ఏడాది ల్యాబులో ఒక సూత్రం నేర్పుతారు. జవాబు రాయని గడిని కంప్యూటర్‌లో ఖాళీగా వదలకూడదు, అక్కడ 9 వెయ్యాలి. తర్వాత కంప్యూటర్‌కి, "9 అంటే జవాబు లేదని అర్థం, దాన్ని కూడికలో కలపకు" అని చెప్పాలి. పదహారు ప్రశ్నలకీ చెప్పాను. పదిహేడోది మేడమ్ సలహా మీద ఆఖర్న చేర్చిన ప్రశ్న. దానికి చెప్పడం మర్చిపోయాను. కంప్యూటర్‌కి జాలీ ఉండదు, అనుమానమూ రాదు. ఏమీ రాయని ప్రతి ఆడమనిషికీ అది తొమ్మిది గంటల తీరిక ఇచ్చేసింది.

కాగితాలన్నీ నేల మీద పరుచుకుని లెక్కపెట్టాను. ఫ్యాక్టరీకి వెళ్ళేవాళ్ళలో పదిహేడోది వదిలేసినవాళ్ళు నలుగురు. ఇంటి దగ్గర కుట్టేవాళ్ళలో ఇరవై ఆరుగురు. ఆ తొమ్మిదులు తీసేసి మళ్ళీ సగటు కడితే ఇటు గంటన్నర పైచిలుకు, అటూ గంటన్నర పైచిలుకు. తేడా ఏమీ లేదు. ఏడాది పరిశోధన, నోటీసు బోర్డు, పసుపుపచ్చ కాగితం, అన్నీ ఆవిరి.

నాకు ఏడుపు రాలేదు. అన్నిటికంటే నన్ను బాధించిన సంగతి వేరే ఉంది. ఆ అయిదు గంటల్ని నేనెందుకు నమ్మాను? పద్దెనిమిదేళ్ళు అమ్మ పక్కనే పడుకున్నదాన్ని. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నిజం ఇంట్లో పెట్టుకుని నూట ఇరవై కాగితాల్లో వెతికాను. ఎందుకంటే ఆ సంఖ్య నాకు నచ్చింది. నేను ఇల్లు వదిలి కుండలు చేసుకుంటూ, నక్షత్రాలు చూసుకుంటూ ఉంటే అక్కడ అమ్మ కూడా కాస్త సుఖంగానే ఉందని అది చెప్పింది. అంత మంచి మాట చెప్పిన సంఖ్యని ఎవరైనా అనుమానిస్తారా?

తత్వం గదిలోకి వచ్చేసరికి నేను కాగితాల మధ్యలో కూర్చుని ఉన్నాను. జరిగింది చెప్పాను. గురువారం తనకీ ఒక పనుంది. మా కాలేజీలో ఏ పరిశోధనకైనా మొదటి ప్రశ్న ఆ సబ్జెక్టు చదవని పిల్ల అడగాలి. దాన్ని బయటి ప్రశ్న అంటాం. నాకు బయటి ప్రశ్న అడిగేది తత్వమే.

"ఎవరెవరికి తెలుసు?" అంది.

"నాకు. ఇప్పుడు నీకు."

"నేను ఫిలాసఫీ, నేను లెక్కలోకి రాను. చెప్పకపోతే ఏమవుతుంది?"

"ఉద్యోగం వస్తుంది."

"చెప్తే?"

"పోతుంది. ఆనర్సూ పోవచ్చు. మేడమ్ పరువు కూడా."

తత్వం మంచం మీద కూలబడింది. "నేనింకా ఏదో పెద్ద ధర్మసందేహం అనుకున్నానే. ఇది మామూలు భయం."

"మామూలు భయమే. అయితే ఏం చెయ్యమంటావ్?"

"నాకేం తెలుసే. పుస్తకాల్లో అందరూ నిజమే చెప్పేస్తారు, వాళ్ళకి ఉద్యోగాలు అక్కర్లేదు." ఒక కాగితం చేతిలోకి తీసుకుని, "గురువారం నిన్ను తేలిక ప్రశ్న అడగమంటావా, కష్టంది అడగమంటావా?" అంది.

తను నాతోపాటు కూర్చుని కాగితాలు నంబర్ల వారీగా పేర్చింది.

బుధవారం పొద్దున మేడమ్ గదికి వెళ్ళాను, చెప్పేద్దామనే. తలుపు దగ్గర మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ ఎప్పుడూ లేనంత హుషారుగా, కిటికీ దగ్గర మొక్కకి నీళ్ళు పోస్తోంది.

"రా రా. గణాంకమ్మగారు ఫోన్ చేశారు." మేము చాటుగా పెట్టుకున్న పేరు ఆవిడకీ తెలుసని నాకు అప్పుడే తెలిసింది. "నీ సారాంశం రెండుసార్లు చదివారట. ఆ పేటలో పిల్లల్ని చూసుకునే కేంద్రం ఒకటి పెట్టాలని వాళ్ళు నివేదిక రాస్తున్నారు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళకి తీరిక ఉంది కాబట్టి ఫ్యాక్టరీ వాళ్ళ పిల్లలకి మాత్రమే చాలని, నీ అంకె వేసుకుంటామన్నారు. డిగ్రీ పిల్ల అంకె నివేదికలో! నా సర్వీసులో ఇదే మొదటిసారి."

ఎదురింటి పిల్ల, చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని కుట్టే ఆ పిల్ల, నా కళ్ళ ముందు కదిలింది. ఇప్పటిదాకా నా తప్పు నా డిగ్రీకే చేటనుకున్నాను.

"మేడమ్, ఒక చిన్న విషయం..."

"చిన్న విషయాలు శుక్రవారం," అంది మేడమ్. "రేపటి దాకా నువ్వు ఏమీ ఆలోచించకు. నీ సంగతి నాకు తెలుసు, ఆలోచిస్తే భయపడతావు."

మెట్లు దిగి వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. పన్నెండు మంది ముందు నోరు పెగలనిదాన్ని, ఒక్కావిడ ముందూ పెగల్లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజంతా కూర్చుని రెండు ప్రెజెంటేషన్లు తయారుచేశాను. ఒకటి పాతదే, అయిదు గంటలది. ఒకటి కొత్తది, తప్పు ఒప్పుకునేది. రెండూ ఒకే పెన్‌డ్రైవులో పెట్టాను. ఎటు దూకాలో హాల్లో తేల్చుకోవచ్చనుకున్నాను. నేనెప్పుడూ అంతే, కష్టమైన పని రేపటి నాకు అప్పగించి ఇవాళ్టి నేను పడుకుంటాను.

గురువారం హాల్లో నలభై కుర్చీలు. ముందు వరసలో మేడమ్, ఆవిడ పక్కన గణాంకమ్మ, పొట్టిగా, తెల్లటి జుట్టు కురచగా కత్తిరించుకుని. చేతిలో పెన్ను కాదు, పెన్సిలు ఉంది. దాన్ని చూస్తేనే నాకు భయమేసింది. మూడో వరసలో తత్వం. రెండో వరస చివర కుర్చీలో అమ్మ.

అమ్మ ఒళ్ళో గుడ్డ సంచీ ఉంది. నేను చూస్తుండగానే అందులోంచి బ్యాగు హ్యాండిలు ఒకటి తీసి, దబ్బనం తీసి, దారం పళ్ళతో తెంపి, కుట్టడం మొదలుపెట్టింది. మిషను మీద కుదరని అంచుల్ని అమ్మ చేత్తోనే కుడుతుంది. మామూలుగా అయితే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ రోజు సిగ్గుపడటానికి కూడా నాలో చోటు లేదు.

మా కాలేజీలో పరీక్ష గదుల్లో కాపలా ఎవరూ ఉండరు. దానికి బదులు ప్రతి పరీక్ష మొదట్లో, ప్రతి ఉపన్యాసం మొదట్లో ఒక వాక్యం పైకి చదవాలి. మూడేళ్ళలో వందసార్లు చదివుంటాను, పళ్ళు తోముకున్నంత అలవాటుగా. స్టేజి మీద గ్లాసెడు నీళ్ళు తాగి, పెన్‌డ్రైవు పెట్టి, ఆ కాగితం అందుకున్నాను.

"ఈ పని నేను చేసింది. తప్పని నాకు తెలిసినదేదీ ఇందులో..."

అక్కడ ఆగిపోయాను. "నిజమని చెప్పడం లేదు" అన్నది మిగిలింది. మూడే మాటలు, బయటికి రావడం లేదు. హాల్లో ఎవరో కుర్చీ జరిపారు. మేడమ్ నాకు ధైర్యం చెబుతున్నట్టు తలూపింది. పాపం, నేను మామూలుగా భయపడుతున్నాననుకుంది. అమ్మ దబ్బనం ఆపి నా వంక చూసింది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే చెయ్యి నుదుటి మీద పెట్టే ముందు చూసే చూపు అది. ఆ చూపు ముందు ఆ వాక్యాన్ని అబద్ధంగా పూర్తిచేయడం నావల్ల కాలేదు.

కొత్త ఫైలు తెరిచాను.

"నోటీసు బోర్డు మీద ఉన్న నా ఫలితం తప్పు," అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. తొమ్మిదుల సంగతి చెప్పాను. నలుగురు, ఇరవై ఆరుగురు అని చెప్పాను. తేడా లేదని చెప్పాను. ఇరవై నిమిషాలు చెప్పాల్సింది ఏడు నిమిషాల్లో అయిపోయింది. మేడమ్ మొహం వైపు చూడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను గానీ చూశాను. ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది మేడమ్.

"మంగళవారం, మేడమ్."

"ఇవాళ గురువారం."

"అవును, మేడమ్."

అంతే. తిట్టినా బావుండేది.

బయటి ప్రశ్న వంతు వచ్చింది. తత్వం లేచి నిలబడింది. ఏ ప్రశ్న అడుగుతుందో నాకు తెలీదు, తనకీ తెలిసినట్టు లేదు. రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"ఆ ఇరవై ఆరుగురూ పదహారు ప్రశ్నలకి జవాబు రాసి ఒక్క పదిహేడోదే ఎందుకు వదిలేశారు?"

తేలిక ప్రశ్నో కష్టమైనదో ఆ క్షణంలో తేల్చుకోలేకపోయాను. "తెలీదు," అన్నాను. "అడగాలంటే మళ్ళీ వెళ్ళాలి. ఎవరు వదిలేశారో ఇక్కడ చెప్పకూడదు. పేర్లు బయటపెట్టనని మాటిచ్చాను."

"నలభై ఒకటి నేను," అంది అమ్మ.

అందరూ అటు తిరిగారు. అమ్మ లేవలేదు, ఒళ్ళో సంచీ జారిపోతుందని. చెయ్యి మాత్రం కాస్త ఎత్తింది, చేతిలో దబ్బనంతోనే. "మా అమ్మాయి చెప్పకూడదేమోగానీ నేను చెప్పుకోవచ్చు కదండీ?"

గణాంకమ్మ కుర్చీలోనే పూర్తిగా వెనక్కి తిరిగింది. "చెప్పండమ్మా. ఎందుకు వదిలేశారు?"

"వదిలెయ్యలేదండీ. ఒక్కో ప్రశ్నా కుట్టుకి కుట్టుకి మధ్యలో రాస్తూ వచ్చా. పదహారింటికీ చెయ్యి దానంతటదే రాసింది. ఆ చివరిదానికి కాస్త ఆలోచించాలి. కూర్చుని ఆలోచించి, పనయ్యాక రాద్దామనుకున్నా. వారం గడిచిపోయింది, ఈ పిల్లొచ్చి కాగితం పట్టుకుపోయింది."

ఎవరో నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. గణాంకమ్మ నవ్వలేదు. అమ్మ చేతులవైపే చూస్తోంది. ముప్ఫయ్యేళ్ళు జనాన్ని గళ్ళల్లో వేసిన మనిషి కదా, పెన్సిలు సరిచేసుకుని, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"అమ్మా, ఈ గంట సంగతి చెప్పండి. ఇక్కడ, మీ అమ్మాయి మాట్లాడుతుంటే కూర్చున్న ఈ గంట. కుడుతున్నారు, వింటున్నారు కూడా. దీన్ని పనిలో వెయ్యాలా, మీ సొంత సమయంలో వెయ్యాలా?"

అమ్మ ఒక కుట్టు పూర్తిచేసి ముడి వేసింది.

"పనిలోనే వేసుకోండి," అంది. "కుట్టుపని కాదండీ, ఇది చేతులకి అలవాటు. ఆ పిల్ల అక్కడ నిలబడి వణికిపోతుంటే ఇక్కడ కూర్చుని చూడటం ఉంది చూశారూ, అది తీరిక ఎలా అవుతుంది?"

మంగళవారం నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. నలభై మంది ముందు, గ్లాసు పట్టుకుని, ముక్కు చీదుతూ ఏడ్చాను. తత్వం తన కుర్చీ దగ్గరే నిలబడిపోయింది, కూర్చోవాలని కూడా గుర్తులేనట్టుంది.

గణాంకమ్మా మేడమూ పక్క గదిలోకి వెళ్ళి పావుగంటలో వచ్చారు. ఆనర్స్ ఇవ్వలేదు. ఆ ఇరవై ఆరుగురి దగ్గరికీ, ఆ నలుగురి దగ్గరికీ మళ్ళీ వెళ్ళి, పక్కన కూర్చుని అడిగి, రెండు నెలల్లో తిరగరాసి ఇస్తే అప్పుడు చూస్తామన్నారు. ఉద్యోగం ఈ నెలలోనే నింపాలి కాబట్టి అది వేరే అమ్మాయికి వెళుతుంది. గణాంకమ్మ ఆ మాట మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పినా పోయింది పోయినట్టే. "నివేదికలో మీ అంకె తీసేస్తున్నాం," అని కూడా చెప్పింది. అది విన్నప్పుడు మాత్రం ఛాతీ మీద నుంచి ఏదో దిగింది.

మేడమ్ తలుపు దగ్గర నా పక్కన ఒక్క క్షణం ఆగింది. "శుక్రవారం నా గదికి రా. కోపంగానే ఉంటాను. అయినా రా." అమ్మకి మాత్రం రెండు చేతులూ జోడించి వెళ్ళింది.

బస్టాపు దాకా అమ్మా నేనూ నడిచాం. సంచీ నేను పట్టుకున్నాను. అది అంత బరువుంటుందని మర్చిపోయాను.

"తప్పావా?" అంది అమ్మ.

"పూర్తిగా తప్పలేదు. మళ్ళీ రాయాలి. ఉద్యోగం పోయింది."

"నేను నోరు జారానా?"

"లేదమ్మా."

"అది రాసి చచ్చుంటే నీకీ తిప్పలు ఉండేవి కాదు కదే."

"రాస్తే ఎంతని రాసేదానివి?"

అమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, రోడ్డు చివరికి చూస్తూ. నా పుస్తకాల సంచీలో ఖాళీ ప్రశ్నల కాగితాలు ఇంకా మిగిలున్నాయి. ఒకటి తీసి, పైన నలభై ఒకటి అని రాసి, పదిహేడో ప్రశ్న పైకి కనపడేలా మడిచి పెన్నుతో సహా అమ్మకి అందించాను. పక్కన కూర్చుని అడగమన్నారు కదా, అడిగాను. "నిన్న నువ్వు నీ కోసం గడిపిన సమయం ఎంత?"

అమ్మ పెన్ను తెరిచి గడి మీద పెట్టింది. ఒక నిమిషం గడిచింది. ఎంత రాసినా ఫరవాలేదు, అరగంటైనా సరే, అనుకున్నాను.

"బస్సొచ్చేసిందే," అని అమ్మ పెన్నూ కాగితమూ నా చేతిలో పెట్టి, సంచీ లాక్కుని పరుగెత్తింది. మెట్టెక్కి వెనక్కి తిరిగి, "తర్వాత రాస్తాలే, నువ్వేదైనా తిను ముందు!" అని అరిచింది.

బస్సు వెళ్ళిపోయాక బెంచీ మీద కూర్చున్నాను. గడిలో పెన్ను ఆనిన చోట ఒక చుక్క ఉంది. దాని పక్కన తొమ్మిది వెయ్యలేదు, సున్నా వెయ్యలేదు. అమ్మ చెప్పిన జవాబే రాశాను: తర్వాత.